మామూలు బొగ్గే

అయస్కాంతానికి గడ్డం మొలిచింది.

పాత స్పీకరు డబ్బా విప్పి తీసిన అయస్కాంతం అది. అరచేయంత వెడల్పు, నడుమ బొక్క. బోరు మోటార్లు బాగుచేసే మాజిద్‌కు అలాంటివి ఎప్పుడూ అక్కరకొస్తాయి. పొద్దున్నే చేతులు కడుక్కుందామని జలదారి దగ్గరికి వచ్చినప్పుడు అది చంకలోంచి జారి బురదలో పడింది. తీసి చెంబెడు నీళ్లు పోశాడు. మట్టి పోయింది, గడ్డం పోలేదు. నల్లటి నూగు మెత్తగా నిక్కబొడుచుకుని అంచు చుట్టూ నిలబడి ఉంది.

నేలలో ఉండే ఇనుప ఇసుక అతనికి తెలుసు. అది గరుకుగా, అక్కడొకటి ఇక్కడొకటి అంటుకుంటుంది. ఇది అది కాదు. ఇలాంటి నూగును అతను ఏడాదిగా రోజూ చూస్తున్నాడు, నీళ్ల డ్రమ్ము అడుగున. మరి ఇంటిల్లిపాదీ పళ్లు తోముకుని ఉమ్మే చోటికి అది ఎట్లా వచ్చింది?

వెనక్కి తిరిగాడు. అరుగు మీద తల్లి లతీఫా బేగం కూర్చుని ఉంది. ఆమె మోకాళ్ల నడుమ అతని కూతురు జువేరియా, ఆరేళ్ల పిల్ల, నోరు తెరుచుకుని నిలబడింది. ముసలామె చూపుడు వేలు నల్లగా ఉంది. ఆ వేలు పిల్ల చిగుళ్ల మీద అటూ ఇటూ నడుస్తోంది, ఎక్కడా నొప్పి తగలకుండా.

మాజిద్ మూడంగల్లో పోయి, ఆమె పళ్లపొడి పోసి పక్కన పెట్టుకున్న పాత జర్దా డబ్బా లాక్కున్నాడు. డబ్బా రేకే అయస్కాంతానికి అంటుకుంటుంది కాబట్టి దాన్ని నమ్మలేదు. అందులోని పొడి ఎడమ అరచేతిలో పోసుకుని, ఆ చేయి కింద అయస్కాంతం పెట్టాడు.

పొడి లేచి నిలబడింది.

"ఉమ్మెయ్," అన్నాడు బిడ్డతో. పిల్ల బెదిరి మింగింది.

రెండు నెలలుగా ఆ పిల్ల అన్నం సరిగా ముట్టడం లేదు. కడుపు పట్టుకుని ముడుచుకు పడుకుంటుంది. కడుపులో పురుగులని నట్టల మందు పోశారు, దిష్టి తీశారు. మాజిద్ భార్య అల్ఫియా బిడ్డను తన తల్లిగారింటికి బయ్యారం తీసుకుపోయి పదిహేను రోజులు ఉంచితే తేటపడింది. తిరిగి వచ్చాక మళ్లీ అదే తీరు. వరంగల్‌లో పిల్లల డాక్టరు నెత్తురు తీసి హైదరాబాదు పంపించాడు. నిన్ననే కాగితం వచ్చింది. నెత్తురులో సీసం ఉంది, ఉండకూడనంత ఉంది. నీళ్లు ఎక్కడివి తాగుతారని డాక్టరు అడిగితే, మా ఊరి నీళ్లు పరీక్ష చేసిన నీళ్లు సారూ, వాటిలో సీసం బొట్టు కూడా లేదు అని మాజిద్ ఛాతీ విరుచుకుని చెప్పి వచ్చాడు.

అది అబద్ధం కాదు. అదే అతని కడుపు మంటకు మూలం.

వాళ్ల ఊరు గుండ్లకుంట జఫర్‌గఢ్‌కు ఆరు కిలోమీటర్లు. ఊరవతల ఒకడు రేకుల షెడ్డు వేసి, పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించాడు. నాలుగేళ్లు కరిగించి, కేసు అవుతుందనగానే తాళం వేసి మాయమయ్యాడు. వాడు పోయాడు గాని సీసం పోలేదు. వానకు కారి, నేలకు ఇంకి, ఆ పక్క వాడకట్టు బోర్లలోకి దిగింది. అటువైపు మెరక, నల్లా నీళ్లు ఎక్కవు. మాజిద్ ఇంటితో కలిపి ఆ అరవై ఇండ్లకూ బోరే దిక్కు.

నిరుడు ఎండాకాలం నగరం నుంచి ఒక సంస్థ వాళ్లు దిగారు. పెద్దామె పేరు మనోరమ, చదువుకున్న మనిషి, శాస్త్రవేత్త. ఆమె కింద మిథున్ అనే కుర్ర ఇంజనీరు. పత్తికట్టెను గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేసి, దానికి ఇనుము పట్టించి పొడి చేశారు వాళ్లు. ఆ పొడి ఒక్కో రేణువులో కంటికి కనిపించని వేల గూళ్లు ఉంటాయట. నీళ్లలో వేసి కలియబెడితే సీసం వచ్చి ఆ గూళ్లలో కూర్చుంటుందట. అరగంట ఆగి ప్లాస్టిక్ డ్రమ్ము కింద అయస్కాంతం పెడితే పొడి మొత్తం సీసంతో సహా అడుగుకు అంటుకుంటుంది. పైన తేట నీళ్లు. మాజిద్ ఆ పని చూసి ముచ్చటపడ్డాడు. మోటారు విప్పితే లోపల రాగి తీగ ఎంత పద్ధతిగా చుట్టి ఉంటుందో, ఈ ఆలోచన అంత పద్ధతిగా ఉందనుకున్నాడు. ఊరి తరఫున చూసుకునే మనిషిగా ఉండమంటే సరే అన్నాడు.

నీళ్లలో నల్ల పొడి కలపడమంటే మొదట ఆడవాళ్లు జంకారు. అప్పుడు మనోరమ మేడం గ్రామపంచాయతీ ముందు నిలబడి, చెయ్యి ఊపుతూ చెప్పింది. భయపడాల్సింది ఏమీ లేదు, మీ చేను పత్తికట్టే, మీ పొయ్యిలో ఉండేటటువంటి మామూలు బొగ్గే అని. ఆ మాటను మాజిద్ మోసుకుని అరవై గడపలూ తొక్కాడు. మామూలు బొగ్గే అవ్వా. మామూలు బొగ్గే చిన్నమ్మా. ముసలోళ్లకు, బాలింతలకు, అనుమానపు మనుషులకు చెప్పి చెప్పి, ఆ మాట అతని నాలుక మీద పడి అరిగిపోయింది.

పదిహేను తడవలు వాడిన పొడిని నీలం డబ్బాలో వేసి ఉంచాలి. నెలకోసారి మిథున్ బండి తెచ్చి పట్టుకుపోతాడు. దసరా దాకా వచ్చాడు. ఆ తర్వాత రాలేదు. ఫోను చేస్తే బండి లేదన్నాడు, వచ్చే వారమన్నాడు, కొత్త ఊళ్ల పనిలో ఉన్నామన్నాడు. ఇండ్లలో నీలం డబ్బాలు నిండాయి.

ఇక లతీఫా బేగం మంజన్ సంగతి. పళ్లపొడిని వాళ్లింట్లో మంజన్ అంటారు. ఏటేటా చలికాలం మొదట్లో ఆమె నల్లతుమ్మ బొగ్గు దంచి, పల్చటి బట్టలో జల్లించి, ఉప్పు, పటిక, లవంగాలు కలిపి మంజన్ చేస్తుంది. ఇంటికి ఉంచుకుని మిగిలింది వాడకట్టంతా పంచుతుంది. ఆమె అత్త పంచింది, ఆమె పంచుతోంది. పంటి నొప్పి అని వచ్చినవాడు హిందువా, తురకా, కిరస్తానీవాడా అని ఆ ఇంట ఎవరూ అడగలేదు. ఈ ఏడు ఆమె కుడి రెక్క పడిపోయినట్టయి రోకలి ఎత్తలేకపోయింది. కళ్లెదుట చూస్తే నీలం డబ్బా నిండా బొగ్గు, దంచే పని లేదు, జల్లించే పని లేదు, కళ్లకు పెట్టుకునే సుర్మా అంత మెత్తన. బంగారం లాంటి వస్తువును పారబోయడం ఆమె లెక్కలో పాపం.

మాజిద్ ఆ పొద్దు తల్లి మీద అరిచాడు. పుట్టి బుద్ధెరిగాక అరవనివాడు అరిచాడు. నీలం డబ్బా జోలికి ఎందుకు పోయావని, ఎవరిని అడిగి తీశావని. లోపల్నుంచి అల్ఫియా పరుగెత్తుకొచ్చి బిడ్డను ఎత్తుకుంది.

ముసలామె ఎదురు అరవలేదు. కొడుకు ముఖంలోకి చూసింది.

"నిన్నే అడిగిన బేటా," అంది. "నువ్వు మోటర్ల తలకాయ పెట్టి ఉన్నవ్. దీంతోని మంజన్ చేస్త, ఏం కాదు గదా అన్న. నువ్వు తల గూడ ఎత్తలే. మామూలు బొగ్గే అమ్మీ అన్నవ్."

మాజిద్‌కు అది గుర్తొచ్చింది. చేతిలో వైండింగ్ తీగ, దాని కొన తప్పిపోకుండా పట్టుకున్న పళ్లు, ఆ పళ్ల సందుల్లోంచి వచ్చిన మాట. అన్నాడు. నిజంగానే అన్నాడు.

అప్పుడు నెమ్మదిగా విషయం చెప్పాడు. ముసలామె తన నల్లటి వేలును చాలాసేపు చూసుకుంది. తర్వాత కడుక్కోకుండానే, ఆ వేలు మడుస్తూ తెరుస్తూ, ఎవరెవరికి ఇచ్చిందో పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. ఎల్లక్కకు. కిష్టయ్యకు. నర్సమ్మ మనవడికి, వాడికి ఇష్టమని రెండు డబ్బాలు. ఆమె చెప్పే పేర్లు ఎంతకీ ఆగలేదు.

మాజిద్ మిథున్‌కు ఫోను చేశాడు. మిథున్ మొదట నమ్మలేదు, తర్వాత విసుక్కున్నాడు. నోట్లో పెట్టుకోమని ఎవరు చెప్పారండీ, పుస్తకంలో రాసే ఉంది కదా, పదకొండో పేజీ చూడండి అన్నాడు. మాజిద్ చూశాడు. పదకొండో పేజీ అడుగున, గీత కింద, గసగసాలంత అక్షరాలతో ఉంది, వాడిన పదార్థాన్ని నోటికి, చర్మానికి తగలనీయరాదని. ఏడాదిలో ఆ పేజీని ఆ ఊళ్లో ఎవరూ తిప్పలేదు. అతనూ తిప్పలేదు.

"సార్, ఒక మాట అడుగుత," అన్నాడు మాజిద్. "సీసం ఎక్కిన పొడిని మీ దగ్గర దేనితోని కడుగుతరు?"

"యాసిడ్‌తో. గూళ్లలోంచి సీసం వదిలేస్తుంది, పొడి మళ్లీ పనికొస్తుంది. మీకు చెప్పాను కదా."

"చెప్పిండ్రు. మరి మనిషి కడుపుల ఉన్నదేంది సార్?"

అదీ ఇదీ ఒకటేనా అని మిథున్ ఏదో అనబోయాడు.

"గది గూడ యాసిడే గద. నా బిడ్డ కడుపుల మీ పొడి శుభ్రమైతున్నది సార్, రెండు నెలల నుంచి."

ఆ మాటకు మిథున్ గొంతు మెత్తబడింది. మాజిద్ గారూ, తొందరపడకండి అన్నాడు. ఊళ్లో చెబితే మొదట ఎవరి మీదికి వస్తారో ఆలోచించండి అన్నాడు. పంచింది మేము కాదు, మీ అమ్మగారు. అసలే రోజులు బాగాలేవు, ఏ ఇంటివాళ్లు పంచారు, ఎవరి పిల్లలకు పంచారు అని పేర్లు చూసి మాట్లాడే రోజులు అన్నాడు. బేస్తవారం జనగామలో సభ ఉంది, మీరొచ్చి కాగితం మీద సంతకం పెట్టండి, జాగ్రత్తలన్నీ ఇంటింటికీ చెప్పామని. తప్పు వాడినవాళ్ల మీదికి పోతుంది, మీ మీదికి రాదు. డబ్బాలు మేము చప్పుడు కాకుండా తీసుకుపోతాం.

మాజిద్ ఫోను కట్టేశాడు. పాము నోట్లో పాలు ఉంటాయా? ఆ మెత్తదనం జాలి కాదు, బెదిరింపుకు తొడిగిన చొక్కా. ఇంకా మండించే సంగతేమిటంటే, వాడు చెప్పిన దాంట్లో నిజముంది. ఊరు తల్లి మీదికి వస్తుంది. నోరు మూసుకుంటే తల్లి దక్కుతుంది. కానీ రేపు పొద్దున ఆ వాడకట్టులో ఎంతమంది పిల్లలు నల్ల వేలు నోట్లో పెట్టుకుంటారు?

అయస్కాంతానికి తాడు కట్టి, మూతలున్న ప్లాస్టిక్ బకెట్లు రెండు తీసుకున్నాడు. ఒక్కడే పోదామనుకున్నాడు. లతీఫా బేగం చాదర్ కప్పుకుని ముందే వాకిట్లో నిలబడి ఉంది. పంచింది తాను, తెచ్చుకునేదీ తానే అంది.

మొదట కిష్టయ్య ఇల్లు. డెబ్బై దాటిన మనిషి, మంజన్ వెనక్కి ఇవ్వమంటే నవ్వాడు. నా పండ్లు ఊడి పదేండ్లాయె బేగమవ్వా, చిగుళ్లకు రాసుకుంటున్నా, అవి గూడ తీస్కపోతవా అన్నాడు. సంగతి చెప్పాక నవ్వు ఆగింది. లేచి కొట్టంలోకి పోయి మేకను పట్టుకొచ్చాడు. దాని గిట్ట పుండు మీద నల్లగా అద్ది ఉంది. మాజిద్ అయస్కాంతం దగ్గరికి తెచ్చాడు. పుండు మీది నలుపు నూగునూగుగా లేచింది.

అక్కడి నుంచి ప్రతి ఇంట్లోనూ అదే. గూట్లో డబ్బాలు. గిన్నెలు తోమే చోట బొగ్గు కుప్ప, నీలం డబ్బాలోంచి తీసినదే. మంజన్ మాత్రమే కాదు, ఎవరికి తోచినట్టు వాళ్లు వాడుకున్నారు. మామూలు బొగ్గే కదా. మాజిద్ మాట్లాడకుండా తాడు దించడం, గడ్డం మొలవడం, ఇంటివాళ్లు చూడడం, బకెట్లోకి ఎత్తడం. గడప గడపకూ అతని కోపం గట్టిపడింది, తడి సిమెంటు గట్టిపడినట్టు.

ఎల్లక్క ఒళ్లు దాచుకోని మనిషి, నోరు దాచుకోని మనిషి. డబ్బా తెచ్చి బకెట్లో బోర్లించి, మాజిద్ ముందు చేతులు నడుముకు పెట్టుకుంది.

"ఏడాదంత నా గడప అరగదొక్కినవ్ గదరా తమ్మీ. నీళ్లు బంగారమని సాటింపు ఏసినవ్. సీసం నీళ్లల్ల లేకుంటె యాడికి పోయిందని నువ్వెందుకు అడగకపోతివి?"

మాజిద్ బకెట్టు మూత బిగించాడు. యాడికి పోయిందో అతనికి తెలుసు. రోజూ అయస్కాంతంతో లాగినవాడే. తెలిసీ తట్టలేదు.

నర్సమ్మ ఇంటి ముందు పిల్లవాడు గోలీలాడుతున్నాడు. బడిలో నిరుడు వచ్చిన ఎక్కాలు ఈ ఏడు మరిచిపోతున్నాడని పంతులు చెప్పి పంపాడట. ఆ సంగతి నర్సమ్మ చెబుతుండగానే లతీఫా బేగం తన సంగతి చెప్పేసింది. నర్సమ్మ ఇంట్లోకి పోయింది. రెండు డబ్బాలు తెచ్చింది. ఒకటి ముసలామె కాళ్ల మీదికి విసిరింది, రెండోది ఆమె ఛాతీకి తగిలింది. నీ చేతులు పడిపోను, నా పిలగానికి విషం పెడతావా, నీ ఇంట్ల నీళ్లు పుట్టకుండ పోను అని శాపనార్థాలు పెట్టింది. వాడకట్టు జమైంది. వెనక నుంచి ఎవడో ఏదో అన్నాడు, మిథున్ చెప్పినట్టే, పేరు చూసి అనే మాట. మాజిద్ అటు తిరిగాడు, పిడికిలి బిగిసింది.

తల్లి అతని చొక్కా అంచు పట్టుకుంది.

"తిట్టనియ్," అంది. "ఆమె తిట్టకుంటె నాకు అన్నం దిగదు."

కిందికి వంగి, కాళ్ల దగ్గర ఒలికిన పొడిని తన చాదర్ కొంగుతో ఎత్తబోయింది. మాజిద్ ఆపి అయస్కాంతంతో ఎత్తాడు. మోకాళ్ల మీద కూర్చుని నర్సమ్మ వాకిలంతా ఎత్తాడు, ఒక్క రేణువు కూడా వదలకుండా. తిట్లు పైనుంచి పడుతూనే ఉన్నాయి.

బేస్తవారం జనగామలో ఫంక్షన్ హాలు. వేదిక మీద పూలు, పెద్ద ఫ్లెక్సీ, బల్ల మీద గాజు తొట్టి. సంస్థకు సాయం చేసే పెద్దలు ముందు వరసలో ఉన్నారు. వెనక వరసల్లో భూపాలపల్లి జిల్లా నుంచి, మహదేవపూర్ వైపు ఊళ్ల నుంచి బస్సులో తెచ్చిన ఆడవాళ్లు, ముసలివాళ్లు. తర్వాత ఈ పొడి అందేది వాళ్ల ఊళ్లకేనట. మాజిద్ మూత పెట్టిన బకెట్టు కాళ్ల దగ్గర పెట్టుకుని పక్కగా కూర్చున్నాడు.

మనోరమ తొట్టిలో పొడి పోసి కలిపింది. తొట్టి పక్కన అయస్కాంతం ఆనించింది. నలుపంతా కదిలి ఒక మూలకు పోయి అంటుకుంది. జనం ముందుకు వంగి చూశారు. ఆమె తేట నీళ్లు గ్లాసులోకి తీసి తాగింది. చప్పట్లు. మహదేవపూర్ ముసలామె ఒకతె లేచి, నీళ్లల్ల బొగ్గు కలిపితె ఏం గాదా బిడ్డా అని అడిగింది. మనోరమ నవ్వింది. భయపడాల్సింది ఏమీ లేదమ్మా, మీ పొయ్యిలో ఉండే మామూలు బొగ్గే అంది.

తర్వాత గుండ్లకుంట మనిషిని వేదిక మీదికి పిలిచారు. మిథున్ కాగితం, పెన్ను బల్ల మీద సర్దిపెట్టి, ఇక్కడ అని వేలు చూపించాడు. మాజిద్ కాగితం చూడలేదు. బకెట్టు తెచ్చి పూల పక్కన పెట్టి మూత తీశాడు.

"మేడం, గా మాట ఇంకొక్కసారి చెప్పుండ్రి."

"ఏ మాట?"

"మామూలు బొగ్గే అన్నరు గద. గిది చేతిల పట్టుకొని చెప్పుండ్రి."

ఏమిటిదని ఆమె అడిగింది. మాజిద్ చెప్పాడు. అంతమంది ముందు అతను ఎన్నడూ మాట్లాడలేదు. గొంతు పెంచలేదు, మైకు దానంతట అదే అందుకుంది. నీలం డబ్బాలు, దసరా నుంచి రాని బండి, తల్లి మంజన్, బిడ్డ నెత్తురు కాగితం, నర్సమ్మ మనవడి ఎక్కాలు, వరసగా చెప్పాడు, మోటారు ఎందుకు కాలిందో రైతుకు చెప్పినట్టు. మిథున్ అడ్డొచ్చి, ఇది సరిగా వాడకపోవడం వల్ల జరిగింది మేడం, పుస్తకంలో ఉంది అన్నాడు. మనోరమ అతని వైపు తిరిగి, డబ్బాలు ఎప్పుడు తెచ్చావని అడిగింది. మిథున్ బండి సంగతి మొదలుపెట్టాడు. ఆమె విన్నది తక్కువ, బకెట్టులోకి చూసింది ఎక్కువ.

చెయ్యి చాచింది. పొడికి బెత్తెడు దూరంలో ఆగింది. వెనక్కి తీసుకుంది. ముట్టుకోని ఆ చేతిని చీర కొంగుకు తుడుచుకుంది.

హాలంతా అది చూసింది. ఇందాకటి మహదేవపూర్ ముసలామె కూడా చూసింది.

"చెప్పలేను," అంది మనోరమ.

"అయితె గిదేందో రాసియ్యుండ్రి," అన్నాడు మాజిద్. "మా వాడకట్టు పిల్లలందరి నెత్తురు పరీక్ష చేపిస్తమని గూడ రాయుండ్రి. నా తప్పు నేను ఊర్లె ఇంటింటికి పోయి చెప్పుకున్న. మీది మీరు రాయుండ్రి. మహదేవపూర్‌ల గూడ ముసలోళ్లుంటరు మేడం. పొద్దుగాల లేచి పండ్లు తోముకుంటరు."

ముందు వరసలో ఒకాయన లేచి, తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు. ఎవరూ కదల్లేదు. మనోరమ సంతకం కాగితాన్ని తిరగేసింది. పెన్ను తీసుకుని వెనకవైపు తెల్లగా ఉన్నచోట రాయడం మొదలుపెట్టింది. వాడిన పొడిలో సీసం ఉంటుంది అని రాసింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, చిన్నగా, వంకర లేకుండా.

మాజిద్ కాగితం మీద వేలు పెట్టాడు. గోరు సందున ఇంకా నలుపు ఉంది.

"పెద్దగ రాయుండ్రి మేడం. మా అమ్మీకి చిన్న అచ్చరాలు ఆనవు."

ఆమె రాసింది కొట్టేసింది. మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఒక్కో అక్షరం బెత్తెడు.